ఎవరూ అడగని మన సంగతులు ఎందుకు రాస్తాం?

మట్టెవాడ మాస్టర్ · శుక్రవారం రాత్రి 9:50

మా అక్క కొడుకు గ్రూప్స్‌కు చదువుతున్నాడు. హనుమకొండలో రూమ్ తీసుకున్నాడు గానీ రాత్రి అన్నానికి మా ఇంటికే వస్తాడు. మొన్న తింటూ తింటూ పుస్తకంలోంచి తల ఎత్తి, "మామా, తెలంగాణ కోసం చేసిన సకల జనుల సమ్మె 2011 సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాకా. 42 రోజులు. ఇది నాకు నోటికొచ్చింది. అప్పుడు నువ్వేం చేసినవ్?" అన్నాడు.

టీచర్‌ని కదా, సమ్మెలో ఉన్నానన్నాను. "అది తెలుసు. ఏం చేసినవ్?" అన్నాడు మళ్లీ.

రోడ్డు మీద కూర్చున్నాం, వంటావార్పు చేశాం, జీతం ఆగింది. అంతకు మించి ఒక్క ముక్క గుర్తు రాలేదు. అప్పుడు తట్టింది, నాకో బ్లాగు ఉండేది కదా అని. 2009లో మొదలుపెట్టి 2014లో వదిలేశాను. పాస్‌వర్డ్ ఎప్పుడో మర్చిపోయాను గానీ పేరు కొడితే దొరికింది. 212 టపాలు, అంటే పోస్టులు. మావాడు చెయ్యి ఎండిపోయేదాకా ఫోన్‌లో చదువుతూ కూర్చున్నాడు. బాగుందనలేదు, బాలేదనలేదు. "ఇది అప్పుడు ఎవరు చదివిన్రు మామా?" అన్నాడు.

కామెంట్లు లెక్కపెట్టాను. మొత్తం మీద పదకొండు మంది. వాళ్లలో ఒకాయన ప్రతి టపాకూ "చాలా బాగుందండీ" అనే రాసేవారు. మా నాన్నమ్మ పోయినప్పుడు రాసిన దానికి కూడా.

"పదకొండు మంది కోసం అయిదేండ్లు రాసినవా? ఎందుకు?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ మనలో చాలామంది రాసినవాళ్లే కదా, మీరైనా చెప్పండి. డబ్బుల కోసమని మాత్రం అనకండి. బ్లాగుల్లో ప్రకటనలకు డబ్బులిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగుకు వచ్చేసరికి మనలో సగం మంది దుకాణం మూసేశాం.

పాత కూడలి · శుక్రవారం రాత్రి 10:15

మాస్టర్ సార్, నేను ఉన్నదున్నట్టు చెప్తాను. కామెంట్ల కోసం రాశాను. ఆ "చాలా బాగుందండీ" కోసమే.

ఇప్పటి పిల్లలకు ఆ రోజులు చెప్తే నమ్మరు. కంప్యూటర్‌లో తెలుగు కనబడటమే ఒక పండుగ. విండోస్ ఎక్స్‌పీలో సీడీ పెట్టి భారతీయ భాషల సపోర్టు విడిగా ఎక్కించుకోవాలి, లేకపోతే అక్షరాల బదులు డబ్బాలు కనిపించేవి. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టింది మెయిల్‌లో పంపితే అవతలివాళ్లకు పిచ్చి గీతలు. అలాంటప్పుడు లేఖిని వచ్చింది. పైన ఇంగ్లిష్ అక్షరాలు కొడితే కింద తెలుగు పడేది. నయీంనగర్‌లో ఒక నెట్ సెంటర్‌లో మొదటిసారి నా పేరు తెలుగులో కొట్టుకొని, పక్క క్యాబిన్ అబ్బాయిని పిలిచి మరీ చూపించాను. వాడికేమీ అర్థం కాలేదు, పాపం, రైల్వే రిజల్ట్స్ చూసుకుంటున్నాడు.

టపా వేసిన కాసేపటికి, తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలి సైటులో మన పేరు పైన కనిపించేది. ఎక్కడో కాలిఫోర్నియాలో ఒకావిడ "మాది కూడా హనుమకొండేనండీ, కిషన్‌పుర" అని రాసేది. ఆ ఒక్క లైను కోసం నెట్ సెంటర్‌లో ఇంకో గంట పొడిగించుకున్న రాత్రులు ఉన్నాయి. తర్వాత 2013 జూలైలో, బ్లాగులు చదువుకునే గూగుల్ రీడర్ పోయింది, అందరూ ఫేస్‌బుక్‌కు పోయారు, అక్కడ లైకులు ఎక్కువ వచ్చాయి గానీ మాటలు తగ్గిపోయాయి. నేను కూడా పోయాను. ఇప్పుడక్కడ ఎక్కువగా పుట్టినరోజులు చెప్పుకుంటున్నాం.

కాజీపేట కూత · శుక్రవారం రాత్రి 10:40

ముప్పై నాలుగేళ్లు గూడ్స్ గార్డుగా చేసి రిటైరైనవాణ్ణి. మా దగ్గర ప్రతి ట్రిప్పుకూ జర్నల్ అని రాత ఉంటుంది. ఏ స్టేషన్‌కు ఎన్నింటికి వచ్చాం, ఎన్నింటికి కదిలాం, ఎక్కడ ఎందుకు ఆగాం. కాజీపేట నుంచి బల్హార్షా దాకా రాత్రంతా అదే పని. అందులో "నేను" అన్న మాట ఒక్కసారి కూడా రాదు. జమ్మికుంట అవుటర్‌లో నలభై నిమిషాలు ఆగితే కారణం రాస్తాం గానీ, ఆ నలభై నిమిషాలు నాకెలా గడిచాయో రాయం. ఎవరికి కావాలి?

సొంత సంగతులు రాసుకోవద్దని నేను అనను. డైరీ ఉంది, బీరువా ఉంది, తాళం ఉంది. ఊరందరికీ చూపించి రాయడాన్ని మా అమ్మ సొంత డబ్బా అనేది. మీ అందరికీ కోపం వచ్చినా సరే, నాకు వేరే పేరు దొరకలేదు.

పసుపు కొమ్ము · శనివారం ఉదయం 6:20

నమస్తే. మాది ఆర్మూరు వైపు. నా బ్లాగులో కవిత్వం ఏమీ ఉండదు. విత్తనం ఏ రోజు పెట్టాం, తొలి తడి ఎప్పుడు, దుంపకుళ్లు ఏ మడిలో మొదలైంది, తవ్వకానికి ఎంతమంది కూలీలు, ఉడకబెట్టింది ఎప్పుడు, ఎండడానికి ఎన్ని రోజులు పట్టింది, నిజామాబాద్ యార్డులో కొమ్ముకు ఎంత పలికింది, మండకు, అంటే తల్లిదుంపకు, ఎంత పలికింది. అంతే.

పసుపు తొమ్మిది నెలల పంట. జూన్‌లో పెట్టినప్పటి మాట తవ్వేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. నాన్న ఒకటంటాడు, అన్న ఒకటంటాడు, నేనొకటి అంటాను, ముగ్గురం కొట్లాడతాం. ఆ కొట్లాట తప్పించుకోవడానికి రాయడం మొదలుపెట్టాను. చదివేవాళ్లు వస్తారని అనుకోలేదు. మెట్‌పల్లి, బాల్కొండ రైతులు ఫోన్ చేసి "పోయినేడు నువ్వు ఫలానా తారీఖున ఉడకబెట్టినవ్ గదా, ఈయేడు లేటెందుకైంది?" అంటున్నారు. నా పొలం తారీఖులు నాకంటే వాళ్లకే బాగా గుర్తున్నాయి.

గార్డు సార్, నాదాంట్లో కూడా "నేను" లేదు. చూసుకోండి.

కాజీపేట కూత · శనివారం ఉదయం 7:05

నీది బ్లాగు కాదు తమ్ముడూ, జర్నల్. నీకు సలాం.

రెండో షిఫ్టు · శనివారం మధ్యాహ్నం 1:30

ఇవాళ ప్లే డే, అంటే మాకు సెలవు, అందుకే ఈ టైమ్‌లో దొరికాను. గోదావరిఖని. బాయి పని, అంటే బొగ్గు గనిలో. పంతొమ్మిదేళ్ల సర్వీసు.

నేనెందుకు రాశానో చెప్తాను. రెండో షిఫ్టు అయిపోయి ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. మా ఆవిడ తలుపు తీస్తుంది, అన్నం పెడుతుంది. "పనెట్లుండె?" అంటుంది. "ఎప్పటి లెక్కనే" అంటాను. పన్నెండేళ్లు ఇవే రెండు మాటలు. చెప్పొద్దని కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. హాజరు వేసే మస్టర్ దగ్గర మొదలుపెట్టాలా, టోపీ లైటు తీసుకున్న దగ్గరా? కింద పైకప్పు చప్పుడు చేస్తే ఎలా వింటామో చెప్పాలంటే, ముందు పైకప్పు అంటే ఏంటో చెప్పాలి. మా ఇంటి పైకప్పు అనుకుంటుంది కదా ఆమె.

ఒకరోజు కొడుకు ల్యాప్‌టాప్‌లో కూర్చొని, బాయి ఎప్పుడూ చూడనివాళ్లకు చెప్పినట్టు రాశాను. దిగేటప్పుడు చెవులు ఎలా పడతాయో, బొగ్గు తవ్వే ఫేస్ దగ్గర వేడి ఎలా ఉంటుందో, సద్ది డబ్బా ఎక్కడ పెట్టుకుంటామో, ఎలుకలు ఉన్నచోట మాకెందుకు ధైర్యమో. ఎలుకలు ఉన్నాయంటే గాలి బాగుందన్నట్టు, మా పెద్దోళ్లు చెప్పేవాళ్లు. నా పేరు పెట్టలేదు, బాయి నంబర్ పెట్టలేదు, తోటివాళ్ల పేర్లన్నీ మార్చాను.

ఎవరో వాట్సాప్‌లో తిప్పితే తిరిగి తిరిగి అది మా ఆవిడ ఫోన్‌కే వచ్చింది. రాసింది నేనని తెలియకుండానే మొత్తం చదివింది. "చూడు, ఎవరో రాసిండు, నువ్వు గిట్ల చేస్తవా?" అని నాకే చూపించింది. సద్ది డబ్బా పెట్టుకునే చోటు చదివి పట్టేసింది. ఏడ్చింది కొంచెం. ఇప్పుడు "పనెట్లుండె" అనదు. "ఇయ్యాల పైకప్పు సప్పుడు చేసిందా?" అంటుంది.

చిన్నకోడలు · శనివారం మధ్యాహ్నం 1:52

అన్నా, ఈ టపా ఎక్కడుంది, లింకు పెట్టండి.

రెండో షిఫ్టు · శనివారం మధ్యాహ్నం 1:58

పెట్టనక్కా. ఇక్కడ మా బాయివాళ్లు కూడా ఉన్నారు.

మట్టెవాడ మాస్టర్ · శనివారం సాయంత్రం 5:30

గార్డు గారూ, మీ మాట రాత్రంతా పీకింది. డైరీ చాలు కదా అన్నారు. నాకు డైరీ కూడా ఉండేది. ఎల్ఐసీ వాళ్లు ఇచ్చే డైరీల్లో రోజూ ఒకటి రెండు లైన్లు రాసేవాణ్ణి. ఇవాళ అటక ఎక్కి 2011ది తీశాను. అక్టోబర్ 11, మంగళవారం. సమ్మె నడుస్తోంది. ఆ రోజు బ్లాగు కూడా రాశాను కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను.

బ్లాగులో ఇలా ఉంది. సుబేదారిలో రోడ్డు మీద పొయ్యి పెట్టాం. లెక్కల సార్ కట్టెలు తెచ్చారు, అవి తడివి, మండలేదు. సమ్మెలోనే ఉన్న ఒక ఆర్టీసీ కండక్టర్ తన స్కూటర్‌లోంచి కొంచెం పెట్రోల్ తీసి పోశాడు, అందరం తిట్టాం, మంట మాత్రం అంటుకుంది. ఉప్పు తేవడం మర్చిపోయాం. ఎదురుగా టిఫిన్ సెంటర్ ఆయన కొట్టు మూసి ఉన్నా వెనక తలుపు తీసి ఒక గ్లాసెడు ఉప్పు ఇచ్చాడు. పప్పు అడుగంటింది. చివరికి ట్రాఫిక్ కానిస్టేబుల్ కూడా మా పక్కనే నిలబడి తిన్నాడు, టోపీ తీసి చంకలో పెట్టుకుని.

చదువుతుంటే ఆ మాడు వాసన ముక్కుకు తగిలింది. ఒట్టు. నిన్నటి దాకా ఇందులో ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు.

అదే రోజు డైరీలో ఏముందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"సి. వచ్చింది. 400. మళ్లీ అదే గొడవ."

సి. ఎవరో, 400 ఏంటో, ఆ గొడవ ఏంటో నాకు తెలియడం లేదు. రాసింది నేనే. చేతిరాత నాదే. డైరీ నాకోసమే రాసుకున్నాను కాబట్టి సగం రాసి వదిలేశాను, మిగతా సగం నాకు తెలుసు కదా అనుకొని. పద్నాలుగేళ్లు గడిచేసరికి ఆ సగం నాకూ తెలియకుండా పోయింది. బ్లాగు ముక్కూ మొహం తెలియనివాళ్లకు రాశాను, అందుకే ఉప్పు గ్లాసు దాకా విడమర్చి చెప్పాల్సి వచ్చింది. రెండో షిఫ్టు తమ్ముడు కూడా అదే అన్నాడు, బాయి చూడనివాళ్లకు రాశానని. ఇంట్లో మనిషికి చెప్పలేనిది అలా చెప్పగలిగాడు.

మావాడికి చెప్పడానికి నాకు ఈ జవాబు దొరికింది. ఇంకా చెప్పలేదు.

పాత కూడలి · శనివారం సాయంత్రం 5:41

అదంతా సరే సార్. "సి. వచ్చింది" అంటున్నారు. వచ్చాడు కాదు, వచ్చింది. మేడం ఇది చదువుతారా?

పసుపు కొమ్ము · శనివారం సాయంత్రం 5:44

400 ఇచ్చి పంపించినట్టున్నారు. మళ్లీ అదే గొడవ అంటే అలవాటే అన్నమాట.

మట్టెవాడ మాస్టర్ · శనివారం సాయంత్రం 5:50

నా వయసుకు గౌరవం ఇవ్వండి. చీటీ డబ్బులేమో అనుకున్నాను, కానీ చీటీ అయితే "చీ." అని రాస్తాను కదా.

వార్డు డైరీ · శనివారం రాత్రి 8:10

నేను స్టాఫ్ నర్సుని. ఇప్పుడు దూరవిద్యలో సైకాలజీ ఎం.ఎ. చదువుతున్నాను కాబట్టి ఒక సంగతి చెప్పాలనిపించింది. జేమ్స్ పెన్నెబేకర్ అని అమెరికాలో సైకాలజిస్టు, 1986లో ఆయన అచ్చువేసిన ఒక అధ్యయనం మా పాఠాల్లో ఉంది. కాలేజీ పిల్లల్లో కొందరిని వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, తమ జీవితంలో బాగా బాధపెట్టిన విషయం గురించి రాయమన్నారు. ఇంకొందరికి ఏదో మామూలు విషయం ఇచ్చారు. బాధ గురించి రాసినవాళ్లు రాసిన వెంటనే ఇంకా దిగాలుపడ్డారు. కానీ తర్వాతి నెలల్లో వాళ్లు కాలేజీ ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది మిగతావాళ్ల కన్నా తక్కువ. జరిగిందేంటి, దానికి తనకు ఏమనిపించింది, రెండూ కలిపి రాసినవాళ్లకే ఆ మేలు కనిపించింది. ఒక్క ఏడుపే రాసినా, ఒక్క సంఘటనే రాసినా అంతగా లేదు.

నా మటుకు నాకు ఇది నిజం. కోవిడ్ రెండో అల అప్పుడు నేను పనిచేసిన చోట డ్యూటీలు ఎలా నడిచాయో చెప్పలేను. రూమ్‌కొచ్చి పీపీఈ గుర్తులు మొహం మీద అలాగే ఉండగా ఫోన్‌లో రాసేదాన్ని. పేరు లేని బ్లాగు. రాసిన రాత్రి నిద్రపట్టేది.

కాజీపేట కూత · శనివారం రాత్రి 8:25

ఒక్క ప్రశ్న తల్లీ. ఆ పిల్లలు రాసింది ఎవరికైనా చూపించారా?

వార్డు డైరీ · శనివారం రాత్రి 8:31

లేదు సార్. పేర్లు లేకుండా ఇచ్చేశారు. స్నేహితులకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ చూపించలేదు.

కాజీపేట కూత · శనివారం రాత్రి 8:33

అయితే పెన్నెబేకర్ నా పార్టీ.

వార్డు డైరీ · శనివారం రాత్రి 8:40

ఒప్పుకుంటున్నాను. మనసు తేలికపడటానికి చదివేవాళ్లు అక్కర్లేదు. మరి నేను దిండు కింద నోటుబుక్కులో రాసుకోకుండా బ్లాగులో ఎందుకు పెట్టానో... ఆలోచించాలి.

దుబాయి కాసెట్టు · ఆదివారం తెల్లవారుజాము 2:15

వార్డు డైరీ అక్క ఆలోచించేలోపు నేను చెప్తాను. నాది జగిత్యాల దగ్గర. ఇరవై రెండేళ్లుగా గల్ఫ్.

మా నాన్న కూడా గల్ఫే. అప్పుడు ఉత్తరం రాయడం రానివాళ్లు టేప్‌రికార్డర్ ముందు కూర్చొని మాట్లాడి ఆ కాసెట్టు ఊరికి పోయేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. మా ఇంటికి కాసెట్టు వస్తే వాడకట్టు అంతా వచ్చేది. అమ్మ, నాయినమ్మ, చుట్టుపక్కలవాళ్లు అందరూ వింటున్నారని నాన్నకు తెలుసు, అందుకని "నేను మంచిగున్న, మీరెట్లున్నరు" అని మొదలుపెట్టి అరగంట అందరి పేర్లూ వరసగా అడిగేవాడు. ఆయన ఎలా ఉన్నాడో ఆ అరగంటలో ఎక్కడా ఉండేది కాదు. టేపు చివర ఎప్పుడూ కొంచెం ఖాళీ మిగిలేది, ఫ్యాను చప్పుడు మాత్రం వినబడేది. అమ్మ ఆ ఖాళీ కూడా మొత్తం అయిపోయేదాకా వినేది.

నాకు ఫోన్లు వచ్చాయి, వీడియో కాల్ వచ్చింది. మాట మాత్రం అదే, "మంచిగున్న." అప్పు తీరలేదు, యాభై డిగ్రీల ఎండ, క్యాంపులో ఎనిమిది మందికి ఒక రూమ్, ఇవన్నీ ఇంట్లో చెప్తే వాళ్ల నిద్ర పోతుంది. 2010లో రూమ్‌మేట్ నేర్పిస్తే బ్లాగు పెట్టాను. లోకమంతా చదవొచ్చు, మా ఇంట్లోవాళ్లు తప్ప. వాళ్లకు బ్లాగు అంటే ఏంటో తెలియదు. నాలుగు రోడ్ల మధ్య నిలబడి దాక్కున్నట్టు ఉండేది.

గార్డు సార్, బీరువాకు తాళం అన్నారు. మా రూమ్‌లో బీరువా లేదు సార్. మంచం కింద పెట్టె, ఎనిమిది మంది ముందు.

కాజీపేట కూత · ఆదివారం ఉదయం 6:50

అది నాకు తట్టలేదు. నీ మాట ఒప్పుకుంటున్నాను బిడ్డా.

చిన్నకోడలు · ఆదివారం ఉదయం 11:20

అందరూ మంచి మంచివి చెప్తున్నారు, దాని దెబ్బ తిన్నవాళ్లు ఒక్కరూ రాయలేదు. నేను రాస్తాను.

మా అత్తగారిది పెద్ద కుటుంబం. మా ఆడపడుచు పెళ్లప్పుడు పెట్టుపోతల దగ్గర ఒక గొలుసు గురించి మూడు రోజులు పంచాయితి నడిచింది. పెళ్లయిన ఏడాదికి నేను దాన్ని నవ్వొచ్చేటట్టు బ్లాగులో రాశాను. పేర్లు మార్చాను. కానీ "మా వరంగల్ ఆడపడుచు" అని రాశాను. నాకు ఉన్నది ఒక్క ఆడపడుచే. పేరు మార్చి ఏం లాభం?

ఎవరో చుట్టాలబ్బాయి ప్రింట్ తీసి తెచ్చి మరీ చూపించాడు. సరిగ్గా సద్దుల బతుకమ్మ రోజు. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మలు ఆడి, గుండంలో నిమజ్జనం అయ్యాక అందరూ సద్దులు ఇచ్చిపుచ్చుకుంటారు కదా. నేను మలీద గిన్నె పట్టుకుని నిలబడ్డాను. మావాళ్లలో ఒక్కరు కూడా చెయ్యి చాపలేదు. పక్కన ఎవరో తెలియనావిడ, నన్ను చూసి అర్థం చేసుకుందో ఏమో, "ఇటియ్యమ్మా" అని రెండు సార్లు తీసుకుంది. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

ఇంటికొచ్చి ఆ టపా తీసేశాను. ఏడాదిన్నర ఏమీ రాయలేదు. మాస్టర్ సార్, తెలియనివాళ్లకు అర్థమయ్యేట్టు విడమర్చి చెప్పాలన్నారు, అది నిజమే. కానీ నా కథ విడమర్చాలంటే అందులో ఉన్న ఇంకో నలుగురి కథ కూడా విప్పాల్సి వస్తుంది. వాళ్లను నేను అడగలేదు. ఉప్పు గ్లాసు ఇచ్చినాయన సంతోషిస్తాడు. గొలుసు అడిగినావిడ ఎందుకు సంతోషిస్తుంది?

ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను. నా తప్పయితే మొత్తం రాస్తాను. పక్కవాళ్లదయితే వాళ్లకు చూపించి రాస్తాను, లేదంటే మింగేస్తాను. అలా మింగేసినవి చాలా ఉన్నాయి, అవే బాగుండేవి కూడా. ఏం చేస్తాం.

ఒక్క నవ్వొచ్చే సంగతి. గొడవ చల్లారాక మా అత్తమ్మ ఒక మధ్యాహ్నం నా పక్కన కూర్చొని మెల్లగా అడిగింది, "నా మీద గూడ రాసినవా?" లేదత్తమ్మా అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. "ఏం, నా దగ్గర ఏం లేదా రాసెటందుకు?" అంది.

పాత కూడలి · ఆదివారం ఉదయం 11:34

అత్తమ్మ గారికి నా దండం.

రెండో షిఫ్టు · ఆదివారం ఉదయం 11:50

అందుకే అక్కా లింకు ఇవ్వలేదు.

వరంగల్ వాకిలి · ఆదివారం మధ్యాహ్నం 12:30

ఎప్పుడూ చదివిపోయేవాణ్ణే, ఇవాళ రాస్తున్నాను. గార్డు గారు సొంత డబ్బా అన్నారు కదా. మన వేయిస్తంభాల గుడిలో కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో శాసనం చెక్కించాడు. ఎవరెవర్ని గెలిచాడో అందులో వరసగా ఉంటుంది. అంతకన్నా సొంత డబ్బా ఉందా? పైగా సర్వర్ ఇంకా పనిచేస్తోంది.

రాజుల సంగతి వదిలేద్దాం. 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారిని తీసుకోండి. కోర్టులో దుబాసీ, అంటే ఒక భాష మాటలు ఇంకో భాషలో చెప్పే ఉద్యోగం. హైదరాబాదు మీదుగా మన నిర్మల్ దాటి నాగపూర్ దారిన వెళ్లాడు. దారిలో ఏ ఊళ్లో నీళ్లు బాగున్నాయి, ఎక్కడ దుకాణాలున్నాయి, ఎక్కడ బస దొరుకుతుంది, బోయీలు ఏమన్నారు, అన్నీ రాశాడు. 1831 సెప్టెంబర్‌లో తిరిగొచ్చాడు. 1838లో అది పుస్తకంగా అచ్చయింది. అయితే ఆయన రాసింది డైరీ కాదు. మద్రాసులో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు ఉత్తరాల్లా రాసి పంపాడు. ఆ దారి చూడని మనిషికి చెప్పాలి కాబట్టి నీళ్ల సంగతి కూడా రాశాడు. తనకోసమే రాసుకుని ఉంటే "నిర్మల్. మజిలీ. మళ్లీ అదే గొడవ" అని రాసి పడుకునేవాడేమో.

మట్టెవాడ మాస్టర్ · ఆదివారం మధ్యాహ్నం 12:41

నన్ను వదిలిపెట్టరన్నమాట.

పసుపు కొమ్ము · ఆదివారం మధ్యాహ్నం 12:45

కాళోజీ గారిది "నా గొడవ". మీది "అదే గొడవ". సార్, సి. అంటే సిమెంటా? అప్పుడు ఇల్లేమైనా కట్టారా?

కాజీపేట కూత · ఆదివారం మధ్యాహ్నం 3:10

వాకిలి గారు గొప్పవాళ్లను తెచ్చారు. నేనూ ఒకరిని తెస్తాను. దాశరథి కృష్ణమాచార్య నిజామాబాద్ జైల్లో ఉన్నప్పుడు బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారు. గోడ అంటే అందరికీ కనబడేదే. నా వాదానికి అది అడ్డమే, నిన్నటి నుంచి నాలో నేనే ఆలోచిస్తున్నాను. కానీ ఆయన రాసింది తన పళ్లనొప్పి గురించి కాదు. తెలంగాణ గురించి. గోడ మీదికి ఎక్కే మాట గోడకు తగ్గట్టు ఉండాలి. మన బ్లాగుల్లో నూటికి తొంభై పళ్లనొప్పులే కదా?

వార్డు డైరీ · ఆదివారం మధ్యాహ్నం 3:30

పళ్లనొప్పి గురించి కూడా ఎవరో ఒకరు రాయాలి సార్. రాత్రి రెండింటికి పన్ను పీకుతుంటే, ఇంకొకరికి కూడా ఇలాగే పీకిందని చదివితే ఎంత ధైర్యమో మీకు తెలియదు. ఇదే నా జవాబు అనుకుంటాను. నా కోవిడ్ బ్లాగుకు ఎక్కడో ఇంకో ఊరి నర్సు ఒక కామెంట్ పెట్టింది. "నాకూ చేతులు వణుకుతున్నాయి అక్కా" అని. అంతే. ఆ అమ్మాయి ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. దిండు కింద నోటుబుక్కుకు ఆ కామెంట్ వచ్చేది కాదు.

తర్వాత ఒక సంగతి. నా బ్లాగు ఎవరిదో మా వార్డులో ఒకరు పట్టేశారు. పైవాళ్లు పిలిచి మాట్లాడారు. అక్కడితో ఆపేశాను. చిన్నకోడలు అక్క చెప్పిన దెబ్బ నాదీ.

పాత కూడలి · ఆదివారం సాయంత్రం 6:00

ఒక పనికొచ్చే మాట చెప్పి వెళ్తాను. మాస్టర్ సార్, ముందు ఆ పాస్‌వర్డ్ వెతికి 212 టపాల కాపీ దించుకోండి. బ్లాగర్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ అని ఉంటుంది, అక్కడినుంచి దించుకోవచ్చు. ఫొటోలు వేరే సైట్‌లో పెట్టి ఉంటే అవి దాంట్లో రావు, విడిగా దించుకోవాలి. జియోసిటీస్ 2009లో మూసేశారు, ఆర్కుట్ 2014లో మూసేశారు, నా మొదటి పెళ్లిచూపుల సంగతంతా ఆర్కుట్‌తో పోయింది. అది పోవడమే మంచిదనుకోండి.

మట్టెవాడ మాస్టర్ · ఆదివారం రాత్రి 9:15

పాస్‌వర్డ్ దొరికింది. అదే డైరీ వెనక అట్ట మీద రాసి ఉంది. గార్డు గారూ, డైరీకి ఒక మార్కు.

ఇవాళ మావాడు అన్నానికొచ్చినప్పుడు నా జవాబు చెప్పాను. తెలియనివాళ్లకు చెప్పినప్పుడే మనకూ పూర్తిగా తెలుస్తుందని, డైరీలో అయితే సగమే రాస్తామని. వాడు ఆ డైరీ అడిగి తీసుకున్నాడు. "సి. వచ్చింది. 400. మళ్లీ అదే గొడవ" అని గట్టిగా చదివాడు.

మా ఆవిడ వంటింట్లోంచి, ఇటు చూడకుండానే, "సిలిండర్" అంది.

మేమిద్దరం నోరెళ్లబెట్టాం. "అప్పుడు అన్నీ కలిపి నాలుగు వందలు. పైకి మోసినందుకు ఆ పిలగాడు ఇరవై ఎక్కువ అడుగుతుండె. నెల జీతం రాలేదు గదా సమ్మెల, నువ్వు ఇయ్యనని మెట్ల మీద పంచాయితి పెడుతుంటివి. ప్రతిసారి అదే గొడవ."

కాజీపేట కూత · ఆదివారం రాత్రి 9:28

చూశారా మాస్టారూ. మీ సమ్మె మొత్తం ఆ ఒక్క లైన్లోనే ఉంది. తాళంచెవి మాత్రం మేడం దగ్గరుంది.

మట్టెవాడ మాస్టర్ · ఆదివారం రాత్రి 9:36

ఆ రోజు ఇరవై ఇచ్చానా లేదా అని కూడా అడిగాను. "నేనే ఇచ్చిన, నువ్వు లోపటికి పోయినంక" అంది.